అడ్డపొగకు కాగితం

మొన్న మంగళవారం వక్కలు కొందామని మా టాటానగర్ సాక్చీ బజారులో ఒక పాన్ దుకాణం దగ్గర ఆగాను. ఆగినదాన్ని ఆగినట్టే ఉండిపోయాను. అద్దాల అలమరలో జర్దా డబ్బాల పక్కన చిన్న చిన్న పొట్లాలు రంగురంగులవి వరసగా పేర్చి ఉన్నాయి. అన్నీ సిగరెట్లు చుట్టుకునే కాగితాలే! పల్చటివి, దళసరివి, తెల్లవి, గోధుమరంగువి, బియ్యపు కాగితమని ఒకటి, నార కాగితమని ఒకటి, కొసకి అట్టముక్క పెట్టిచ్చేది ఇంకొకటి. నాకు ప్రాణం లేచొచ్చింది. "ఒక్కొక్కటీ ఇలా తియ్యి నాయనా" అన్నాను హిందీలో. దుకాణదారు నా నెరిసిన జుట్టూ చేతిలో ఆనపకాయా చూసి, గొంతు తగ్గించి, "దాదీ, మీరు తాగుతారా?" అని అడిగాడు. నేను వింటేగా! ఒక కాగితం వెలుతురులోకి ఎత్తి పట్టుకున్నాను, అంచు కొంచెం చింపి చప్పుడు విన్నాను, జిగురు గీత మీద తడివేలు రాసి చూశాను. ఇది భగ్గుమంటుంది, ఇది పెదవికి పట్టేస్తుంది, ఇది నెమ్మదిగానే కాలుతుంది కానీ బూడిద నిలవదు అని గబగబా చెప్పేశాను. అక్కడ నిలబడి సిగరెట్లు కాలుస్తున్న ఇద్దరు పెద్దమనుషులు నోట్లోవి బయటికి తీసి మరీ విన్నారు.

ఒట్టేసి చెబుతున్నాను, నేను పుట్టి బుద్ధెరిగాక ఒక్క దమ్ము లాగినదాన్ని కాను. కానీ కాగితాల సంగతి మాత్రం నన్నడగండి. ఆ విద్య నాకు డెబ్బైల్లో, రైళ్ళన్నీ ఆగిపోయిన ఒక వేసవిలో, మా అత్తగారి మూలంగా వచ్చింది. ఇరవై రోజుల్లో వచ్చింది. అంత తొందరగా నేను ఇంకేదీ నేర్చుకోలేదు, వంటతో సహా.

మా అత్తది పలాస అవతల ఒక పల్లె. మా ఆయన అక్కడినుంచి వచ్చి కంపెనీలో క్రేను నడిపేవాడు. నేను ఈ ఊళ్ళోనే పుట్టాను. నా చిన్నప్పుడే మా అమ్మ పోయింది, నాన్న డ్యూటీలు చేసుకుంటూ పెంచాడు. పెళ్ళయిన రెండో ఏడు ఒక కడుపు ఆరో నెలలో నిలవకుండా పోయింది. మళ్ళీ నెల తప్పి, తొమ్మిదోది దగ్గర పడుతుంటే నాకు భయం పట్టుకుంది. ఆసుపత్రి ఉంది, నర్సులున్నారు, కాదనను. కానీ చెయ్యి పట్టుకునే ఆడమనిషి ఇంట్లో లేదు. మా ఆయన కార్డు రాస్తే మా అత్త ఒక మూట నెత్తిన, ఇంకో మూట చంకన పెట్టుకుని టాటానగర్ స్టేషన్లో దిగింది. దిగీ దిగగానే ఒకటే మాట చెప్పింది.

"నెల్లాళ్ళుంటాను. పురుడు పోసి ఎలిపోతాను. నాను ఊరిడిసి ఉండలేన్రా బాబూ."

పెద్ద మూటలో బట్టలు. చిన్న మూట నిండా చుట్టలు. మా అత్త వైపు సంగతి తెలియనివాళ్ళకి ఇక్కడ కొంచెం చెప్పాలి. మా అత్త చుట్ట తాగేది. తాగడమంటే అందరూ తాగినట్టు కాదు, అడ్డపొగ. వెలిగించిన కొసని నోటి లోపల పెట్టుకుని, చల్లటి కొసని బయటికుంచి, పెదవులు బిగించి పీల్చడం. మొదటిసారి చూసినప్పుడు నేను ఓయమ్మో అని చేతిలో చెంబు వదిలేశాను. ఆవిడ నిప్పు నోట్లో పెట్టుకుని నింపాదిగా బియ్యంలో రాళ్ళు ఏరుతోంది! అక్కడ పొలం పనులకి వెళ్ళే ఆడవాళ్ళకి అదే అలవాటట. సముద్రపు గాలికి చుట్ట ఆరదు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, చంకలో పసిపిల్ల ఉంటే మీద నిప్పురవ్వ పడదు. ఒక్క చుట్ట పూటంతా వస్తుంది. చాలా ఏళ్ళ తర్వాత ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆవిడ అంగిట్లో తెల్లమచ్చలు చూసి పెట్టిన చివాట్లకి, నోట్లో ఉన్నదాన్ని ఊసి మళ్ళీ ముట్టలేదు. ముందే మాన్పించలేకపోయానే అని నాకిప్పటికీ బాధే. కానీ అప్పట్లో అది తప్పని మా ఇళ్ళల్లో ఎవరికి తెలుసు? అత్తా చుట్టా వేరు వేరని నాకు తోచేదే కాదు.

ఆవిడ వచ్చిన వారానికే రైళ్ళు ఆగిపోయాయి. రైల్వే వాళ్ళ సమ్మె. స్టేషన్ వైపు వెళ్ళొచ్చినవాళ్ళు పట్టాల మీద మేకలు మేస్తున్నాయని చెప్పేవారు. మా అత్త చుట్టలు అడుగంటాయి. ఊళ్ళో మన తెలుగువాళ్ళ కొట్లో కూడా లేవు, వాళ్ళకి వచ్చేవి కూడా ఆ రైల్లోనే కదా. పొగాకైతే ఊళ్ళో కావలసినంత ఉంది, ఖైనీ నలిపేవాళ్ళకి కొదవా? కానీ అది పొడిపొడి ఆకు, పట్టుకుంటే పెళుసుగా విరిగిపోతుంది. చుట్టకి లోపలి ముక్క ఏదైనా సరిపోతుంది, పైన చుట్టే ఆకు మాత్రం వెడల్పుగా, మెత్తగా, చిరగకుండా ఉండాలి. ఆ పై ఆకు మా అత్త ఊళ్ళో ఉంది, ఆ ఊరికి రైలు లేదు. ఆఖరి చుట్ట అయిపోయిన పొద్దున్న ఆవిడ వంటింటి గుమ్మంలో కూర్చుని, ఖాళీ నోటితో, ఎవరితోనో పోట్లాడుతున్నట్టు అంది.

"సుట్ట నేని ఊర్లో నాకేటి పని? రైలు కదిలిన్నాడు మొదటి రైలెక్కీసి ఎలిపోతాను. ఎవులాపినా ఆగను."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అన్నదంటే చేసే మనిషి. ఊరు ఊరంతా రైళ్ళు ఎప్పుడు కదులుతాయా అని రేడియోకి చెవులప్పగించి కూర్చుంటే, నేనొక్కదాన్నీ దేవుడి పటం ముందు నిలబడి, స్వామీ ఇంకొక్క వారం కదలనివ్వకు అని మొక్కుకునేదాన్ని. పాపమని తెలుసు. సమ్మెలో ఉన్న వాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి వెలగడం లేదని కూడా తెలుసు. అయినా మొక్కాను.

మొక్కుతూ ఊరుకోలేదు, కాగితాల మీద పడ్డాను. మొదటిది వార్తాపత్రిక, అది మా ఆయన సలహా. హిందీ పేపరు ముక్కలో ఖైనీ పొగాకు పెట్టి బొటనవేలంత చుట్టి ఇచ్చాం. మా అత్త వెలిగించి నోట్లో పెట్టుకుందో లేదో, లోపల భగ్గుమంది. ఆవిడ థూ థూ అని ఊసి, చెంబెడు నీళ్ళు పుక్కిలించి, కొడుకుని వదిలేసి నా వైపు తిరిగింది.

"నా నాలిక మీద సితి పేర్సినావేటే!"

"అమ్మా, దానికేం తెలుసే, కాగితం నాది" అని మా ఆయన అడ్డం వచ్చాడు కానీ అప్పటికే తిట్లు మొదలైపోయాయి. మా అత్త తిట్లకి ఒక పద్ధతుండేది. ముందు మనిషిని, తర్వాత ఊరిని, ఆఖరికి ఊళ్ళో నీళ్ళని తిట్టేది. నీళ్ళ దాకా వచ్చిందంటే అయిపోవచ్చిందని మాకు తెలిసిపోయేది.

మర్నాడే నేను సాక్చీ వెళ్ళాను. అక్కడ గడియారాలు బాగుచేసే ఒక ముసలాయన పక్కనే పొగాకు దుకాణం కూడా పెట్టుకుని ఉండేవాడు. కలకత్తా నుంచి తెప్పించిన చుట్టుకునే కాగితాలు ఒక బిస్కెట్ డబ్బాలో దాచేవాడు. ఎవరైనా అడిగితే చాలు, ఆయనకి పండగ. గడియారాల కోసం కంటికి పెట్టుకునే గాజుబిళ్ళ అలాగే ఉంచుకుని, కాగితాలు ఒక్కొక్కటీ బల్ల మీద పరిచి పాఠం చెప్పాడు. దళసరిది వేళ్ళకి లొంగుతుంది, కొత్తవాళ్ళు కూడా చుట్టగలరు, కానీ కాగితం రుచి పొగాకు రుచిని మింగేస్తుంది. పల్చటిది చుట్టడానికి చెయ్యి తిరగాలి, కానీ రుచి చెడగొట్టదు. తెల్లగా చలువ చేసింది తొందరగా కాలుతుంది, చెయ్యని గోధుమరంగుది నింపాదిగా కాలుతుంది. వెలుతురుకి పట్టి చూస్తే సన్నటి గీతలు అడ్డంగా కనిపిస్తాయే, అవి ఉన్నది సమంగా కాలుతుంది, లేనిది ఒక పక్కే తినేసుకుంటూ పోతుంది. చింపితే గరగరమన్నది దళసరి, సుయ్యిమన్నది పల్చన. నేను నోరు తెరుచుకుని విన్నాను. నిజం చెప్పొద్దూ, కాసేపు అత్తనీ రైలునీ కడుపునీ కూడా మర్చిపోయాను. ఇంత చిన్న కాగితం ముక్కలో ఇంత ఉందా అని ఒళ్ళు పులకరించింది. దళసరిదీ గోధుమరంగుదీ కొన్నాను, అన్నిట్లోకీ మేలైనదని ఆయన పల్చటి బియ్యపు కాగితం కూడా ఇచ్చాడు. "మీ ఆయన అదృష్టవంతుడు బేటీ" అన్నాడు. అత్తకని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

సాయంత్రం మా ఆయన డ్యూటీ నుంచి వచ్చాక పరీక్ష పెట్టాం. పీట మీద పొగాకు, పక్కన మూడు రకాల కాగితాలు. నేను చుట్టడం, ఆయన కాల్చడం. దళసరి దానికి "అబ్బే" అన్నాడు. గోధుమరంగు దానికి తల ఊపాడు. పల్చటిది నాలుగు దమ్ములు లాగి, కళ్ళు మూసుకుని, "ఫస్ట్ క్లాస్! ఏక్ నంబర్!" అన్నాడు. నాకు సంతోషం పట్టలేదు. ఒకటికి నాలుగు కాగితాలు జిగురుతో అతికించి, చుట్టంత లావుగా, అందంగా చుట్టి, రెండు చేతులతో మా అత్తకిచ్చాను. ఆవిడ ఎప్పటిలాగే వెలిగించింది, తిప్పింది, నోట్లో పెట్టుకుంది.

మేం చేసిన పొరపాటు అప్పుడు తెలిసొచ్చింది. కాగితమంటే లోకం నిప్పుని బయటికి పెట్టుకుని చూస్తుంది. మా ఆయన కూడా అలాగే చూశాడు. మా అత్త నిప్పు లోపల, తడి అంతా కాగితం మీద! రెండు పీల్పులకే అది నాని, పెదవికి పేస్టులా పట్టేసింది. బూడిద నాలుక మీద పొరలుపొరలుగా రాలింది. ఆవిడ లాగితే కాగితం రాలేదు, పెదవి తోలు వచ్చింది. ఎంత మేలైన కాగితమైతే అంత గట్టిగా పట్టింది. ఈసారి ఆవిడ తిట్టలేదు. పెదవికి నూనె రాసుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ తిట్టకపోవడం చూసి నాకు ఏడుపొచ్చింది.

అయినా వదిలానా! నా మొండితనం మా ఆయనకే తెలుసు. గోధుమరంగు దానికి నువ్వులనూనె రాసి ఎండబెట్టాను, వంటింట్లో ఆముదపు దీపం ఆరినట్టు కంపు కొట్టింది. మా ఆయన డ్రాయింగ్ ఆఫీసులో స్నేహితుణ్ణి అడిగి పారేసే నూనె కాగితం ముక్క తెచ్చాడు, అది తడికి ఆగింది కానీ నిప్పుకి ముడుచుకుపోయింది. బీడీలు విప్పి ఆకులు తీశాను. ఆ ఆకు తడికి లొంగలేదు, బూడిద కూడా నిలబెట్టింది. మా అత్త మొదటిసారి "ఊఁ" అంది. కానీ అది అరచేతిలో సగం కూడా లేదు, రెండు ఆకులు కలిపితే మధ్యలో పగిలింది. నిండు నెలల కడుపుతో పొద్దస్తమానం నేల మీద కూర్చుని చుడుతూనే ఉండేదాన్ని. నడుం విరిగిపోయేది. ఆవిడ గుమ్మంలోంచి నన్నే చూస్తూ ఉండేది. "ఎందుకే ఈ తిప్పలు" అని ఒకసారి అడిగింది కూడా. "నీకోసమే అత్తా" అన్నాను తల ఎత్తకుండా. ఆవిడ లేచి వెళ్ళి గంజి వార్చింది.

అంతలో ఒక రోజు పొద్దున్న రేడియోలో చెప్పారు, సమ్మె ముగిసిందని, రైళ్ళు కదులుతున్నాయని. కాలనీలో కేకలూ ఈలలూ! మా ఆయన పొద్దుటి షిఫ్టుకి అప్పటికే వెళ్ళిపోయాడు. నేను స్నానం చేసి బయటికొచ్చేసరికి గుమ్మంలో మా అత్త లేదు. పెరట్లో లేదు. పెట్టె దగ్గరికి పరిగెత్తాను, అంటే పరిగెత్తలేను కదా, ఊగుకుంటూ వెళ్ళాను. మూలనుండే ఆవిడ మూట లేదు.

తడిజుట్టు ముడేసుకుని వీధిలోకొచ్చి రిక్షా పిలిచాను. "స్టేషన్! జల్దీ!" అన్నాను. రిక్షా అతను నా పొట్ట చూసి, "ఆసుపత్రికా?" అన్నాడు. "స్టేషన్ కే! బండి దొరక్కపోతే నా పని అయిపోతుంది!" అని అరిచాను. పాపం, అతను గోతులు తప్పించుకుంటూ తొక్కుతూనే, గోతి వచ్చినప్పుడల్లా రామ్ రామ్ అంటున్నాడు. నేను సీటు అంచు పట్టుకుని, ఇన్నాళ్ళూ దేవుడికి మొక్కిన మొక్కులన్నిటికీ ఇదే శిక్ష అనుకుంటూ ఏడుస్తున్నాను. స్టేషన్ కి ఇంకా చాలా దూరముంది. సాక్చీ బజారు మలుపు దగ్గర ఎడ్లబండి అడ్డం వచ్చి రిక్షా ఆగింది. ఆగకపోయుంటే నేను చూసేదాన్ని కాదు.

రోడ్డు పక్కన అడవి నుంచి వచ్చే సంతాలీ ఆడవాళ్ళు సాల్ ఆకులు అమ్మేవారు, మనం విస్తళ్ళు కుట్టుకునే పెద్దాకులు. అక్కడ ఒక ముసలావిడ ఆకుల గుట్ట ముందు గొంతుక్కూర్చుని ఉంది. ఆవిడకి ఎదురుగా, మోకాళ్ళు తాకేంత దగ్గరగా, మా అత్త! మూటగుడ్డ పక్కన పరిచి ఉంది, దాని నిండా ఆకులు. సంతాలీ ఆవిడ ఒక ఆకుని కుంపటి సెగ మీద అటూ ఇటూ తిప్పి, మెత్తబడ్డాక పొగాకు పెట్టి, ఒక్క చుట్టులో బిగించి, ముల్లు గుచ్చి మా అత్త చేతిలో పెట్టింది. మా అత్త వెలిగించి, ఠక్కున తిప్పి, నిప్పు నోట్లో పెట్టుకుంది. సంతాలీ ఆవిడ కళ్ళు ఇంతింతలు చేసుకుని, చప్పట్లు కొట్టి, పక్కవాళ్ళందరినీ పిలిచి చూపిస్తోంది. ఈవిడకి తెలుగు తప్ప రాదు, ఆవిడకి తెలుగు రాదు. ఇద్దరూ పగలబడి నవ్వుకుంటున్నారు. ఆకు భగ్గుమనలేదు, నానలేదు, పగల్లేదు. ఇరవై రోజులు నేను తిరిగిన బజారులోనే, నేను రోజూ దాటుకుంటూ పోయిన గుట్టలోనే ఉంది.

నేను రిక్షా దిగి, నడిరోడ్డులో నిలబడి, భోరున ఏడ్చేశాను. మా అత్త గాభరాగా లేచి వచ్చి నా పొట్ట మీద చెయ్యేసింది.

"ఓలమ్మో! నొప్పులొచ్చినాయేటే? ఇక్కడికెందుకొచ్చినావు గుంటా?"

"నువ్వు... రైలెక్కి వెళ్ళిపోయావనుకున్నాను అత్తా."

ఆవిడ నోట్లోంచి చుట్ట తీసింది.

"ఎల్దామనే అనుకున్నాను. బట్టలు పెట్లో పడేసి, గుడ్డట్టుకుని ఆకుకోసం వచ్చినాను. సుట్టలు సుట్టుకోని సాయంత్రం బండికెల్దామని. మరేటి సెయ్యమంటావు? ఇరవై రోజులు కాయితాలు తెచ్చినావు, సుట్టినావు, నా ముందట పడేసినావు. ఉండు అత్తా, అని ఒక్క పాలి నోరిప్పి అడిగినావేటే? నానెవుల్ని, నోట్లో సుట్టెట్టి ఊరుకోబెట్టే ముసిల్దాన్నా? కొడుకు కార్డు రాసినాడు, వచ్చినాను. కోడలు ఉండమందా? అననేదు. ఎవులు పిలిసినారని ఉంటాను నాను?"

అమ్మ లేకుండా పెరిగినదాన్ని, అడిగితే కాదంటారేమో అని ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడగడం అలవాటు లేదు. అడగకుండానే ఏదో ఒకటి తెచ్చిస్తే ఉంటుందనుకున్నాను. బజారు మధ్యలో, రిక్షా అతనూ ఆకులమ్మే వాళ్ళూ చూస్తుండగా, ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాను.

"ఉండు అత్తా. నాకు భయంగా ఉంది. నాకెవరూ లేరు. వెళ్ళకు."

"అలగ అడుగు మరి!" అంది మా అత్త. కళ్ళు తుడుచుకుని, చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుని, ఆకుల మూట నెత్తినెత్తుకుని, నాకంటే ముందు రిక్షా ఎక్కి కూర్చుంది. "నెమ్మదిగా తొక్కమను ఈడ్ని, నిండు మనిసి" అని నాకు తెలుగులో చెప్పింది, నేను హిందీలో చెప్పేలోపే అతనికి అర్థమైపోయింది.

ఆ తర్వాత అయిదో రోజు నాకు ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి తలుపు దగ్గర నా చెయ్యి వదలనంటే వదలనని నర్సుతో మా అత్త చేసిన గొడవ ఇప్పటికీ మా ఇంట్లో చెప్పుకుని నవ్వుకుంటాం. పురుడయ్యాక ఆవిడ వెళ్ళలేదు. పురిటి స్నానమయ్యాక వెళ్తానంది, అన్నప్రాశన అయ్యాక అంది, పిల్ల నడిచాక అంది, బడికెళ్ళాక అంది. అలా అంటూ అంటూ, ప్రతిసారీ నేను అడుగుతూ ఉంటే, పద్నాలుగేళ్ళు మాతోనే ఉంది. ఆఖర్న ఒక వానాకాలం ఊరు చూడాలని వెళ్ళింది. "నాలుగు రోజుల్లో ఎల్లొచ్చీనా?" అని నవ్వుతూ అడిగింది, సరే అన్నాను. అక్కడే పోయింది. పద్నాలుగేళ్ళు ఒక మనిషిని ఉండమని అడిగినదాన్ని, ఆ ఒక్కరోజు అడగలేదు. వెళ్ళేవాళ్ళు వెళ్తామనే అంటారు కానీ, మనం ఇంకోసారి అడుగుతామేమోనని గుమ్మంలో కాసేపు నిలబడే వెళ్తారని నాకిప్పుడనిపిస్తుంది.